ఓడలో భద్రత ఎవరి బాధ్యత? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఓడల మీద పనిచేసేవారు, వారి ఇంటివారు రాసినవి ఎక్కువగా ఉన్నాయి. ఓడలో డ్యూటీ దిగినవారు ఇంటికి వెళ్లరు. పనిచేసిన చోటే తింటారు, అక్కడే నిద్రపోతారు, నెలల తరబడి అక్కడే ఉంటారు. నడిసముద్రంలో ఎవరికైనా ప్రమాదం జరిగితే పిలిచిన వెంటనే అంబులెన్స్ రాదు. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఓడల్లో పనివారి భద్రతకు, ఆరోగ్యానికి కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నాకు ఈ మధ్యనే చీఫ్ ఆఫీసర్‌గా, అంటే కెప్టెన్ తరువాతి అధికారిగా, పదోన్నతి వచ్చింది. ఓడ ఎక్కిన రోజే సేఫ్టీ ఆఫీసర్ బాధ్యత కూడా నాదేనని కాగితం ఇచ్చారు. కంపెనీ మాన్యువల్‌లో ఆ బాధ్యతల జాబితా నాలుగు పేజీలు ఉంది. "సేఫ్టీ అంతా ఇక నువ్వే చూసుకో" అని కెప్టెన్ గారు అన్నారు. రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే అదంతా నా మీదికే వస్తుందా? ఇందులో నాది ఎంత, కెప్టెన్ గారిది ఎంత, కంపెనీది ఎంత?
(బొగ్గు, ధాన్యం వంటి సరుకును విడిగా పోసి మోసే ఒక బల్క్ క్యారియర్ ఓడ చీఫ్ ఆఫీసర్)

జవాబు: కాగితం మీద మీ పేరు రాసినంత మాత్రాన ఓడ భద్రత అంతా మీ ఒక్కరి మీదికి రాదు. ఎవరి వాటా ఎంతో చెప్పే ముందు, ఆ వాటాలను రాసి పెట్టుకోవాలన్న నియమం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి.

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగె రేవు నుంచి బయలుదేరిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ, వాహనాలు ఎక్కే ముందరి తలుపులు తెరిచి ఉండగానే సముద్రంలోకి సాగి, కొద్ది నిమిషాల్లో ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. తలుపులు మూయవలసిన అసిస్టెంట్ బోసన్ (బోసన్ అంటే డెక్ మీది నావికుల పెద్ద) ఆ సమయానికి క్యాబిన్‌లో నిద్రలో ఉన్నాడు. బోసన్ ఆ తలుపుల దగ్గరే ఉండి కూడా, వాటిని మూయడం తన పని కాదనుకుని వెళ్లిపోయాడు. మూశారో లేదో చూసుకోవలసిన చీఫ్ ఆఫీసర్, మూసే మనిషి వస్తున్నాడనుకుని, ఓడను నడిపే చోటైన బ్రిడ్జి మీదికి వెళ్లాడు, ఎందుకంటే బయలుదేరే వేళకు ఆయన అక్కడ ఉండాలని మరో ఆదేశం ఉండేది. కెప్టెన్‌కు బ్రిడ్జి నుంచి తలుపులు కనిపించవు. మూయలేదని ఎవరూ చెప్పలేదు కనుక మూసే ఉంటారనుకున్నాడు. తలుపులు మూసినదీ లేనిదీ తెలిపే దీపం బ్రిడ్జి మీద పెట్టించండని అదే కంపెనీ కెప్టెన్లు అంతకు ముందే అడిగినా, తీరంలోని కార్యాలయం పట్టించుకోలేదు. విచారణ జరిపినవారు ఓడ మీదివారి తప్పులను ఎత్తిచూపడంతో ఆగకుండా, యాజమాన్యం పైస్థాయి దాకా లోపం ఉందని తేల్చారు.

ఆ తరువాత సాగిన ప్రయత్నాల ఫలితమే మనం ఐఎస్ఎం కోడ్ అని పిలుచుకునే అంతర్జాతీయ భద్రతా నిర్వహణ నియమావళి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) దాన్ని 1993లో ఆమోదించింది. 1998 జులై 1 నుంచి ప్రయాణికుల ఓడలకు, ట్యాంకర్లకు, బల్క్ క్యారియర్లకు, 2002 జులై 1 నుంచి 500 గ్రాస్ టన్నేజీ (ఓడ పరిమాణపు కొలత), ఆపైన ఉన్న మిగతా సరుకు ఓడలకు అది తప్పనిసరి అయింది. భద్రతకు సంబంధించిన పని చేసే ప్రతి ఒక్కరి బాధ్యతనూ, అధికారాన్నీ, ఒకరికి ఇంకొకరితో ఉండే సంబంధాన్నీ రాతలో పెట్టాలని ఆ కోడ్ చెబుతుంది. బాధ్యత, అధికారం అన్న రెండు మాటలూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. నేను చదివిన మాన్యువళ్లలో మాత్రం చాలా వాటిలో బాధ్యతలు పేజీల కొద్దీ సాగి, అధికారం ఒక్క వాక్యంతో ముగిసిపోయేది. మీ నాలుగు పేజీలను ఆ దృష్టితో మరొకసారి చదవండి.

కంపెనీ వాటా అన్నిటికన్నా పెద్దది, మరొకరి మీదికి నెట్టలేనిది. సరిపడినంత మంది సిబ్బంది, వారికి శిక్షణ, పనికివచ్చే పరికరాలు, మరమ్మతులకు డబ్బు, తీరం నుంచి తోడ్పాటు, ఇవన్నీ కంపెనీ సమకూర్చవలసినవి. క్రేన్ వైరు మార్చమని మీరు మూడు నెలలుగా అడుగుతున్నా పంపకపోతే ఆ లోపం కంపెనీది. అయితే మీరు అడిగినట్టు రాతలో ఉండాలి, ఆ వైరు పాడైందని తెలిసిన తరువాత ఆ క్రేన్‌ను మీరు వాడనిచ్చి ఉండకూడదు. ఈ రెండో మాటను చాలామంది మరిచిపోతారు. ఉత్తరం రాశాను కదా అన్న ధీమాతో పాడైన వైరు కిందనే మనుషులను నిలబెడతారు.

కెప్టెన్ వాటా ఆచరణకు సంబంధించినది. కంపెనీ విధానాన్ని అమలు చేయడం, సిబ్బంది దాన్ని మనస్ఫూర్తిగా పాటించేలా చూడడం, స్పష్టమైన ఆదేశాలు ఇవ్వడం, అవి అమలవుతున్నాయో లేదో చూసుకోవడం, మొత్తం పద్ధతిని అప్పుడప్పుడు సమీక్షించి లోపాలను తీరానికి తెలపడం ఆయన విధులని కోడ్ విడమరిచి చెప్పింది. భద్రత కోసం ఏ నిర్ణయమైనా తీసుకునే సర్వాధికారం కూడా ఆయనకే ఇచ్చింది. కొన్ని పనులను ఆయన మీకు అప్పగించవచ్చు, కానీ అప్పగించిన పని ఎలా సాగుతోందో అడిగి తెలుసుకోవలసినది ఆయనే. "అంతా నువ్వే చూసుకో" అన్న మాటను నేను అప్పగింతగా లెక్కలోకి తీసుకోను.

ఇక మీ వాటా. ఓడలోని ప్రతి భాగాన్నీ వంతులవారీగా తనిఖీ చేయడం, ప్రమాదాలనూ తృటిలో తప్పినవాటినీ విచారించడం, కారణాలను రాయడం, సలహా ఇవ్వడం, కళ్ల ముందు అపాయకరంగా సాగుతున్న పనిని ఆపించడం. ఇందువల్ల మిగతా విభాగాధిపతుల బాధ్యత తగ్గదు. ఇంజిన్ రూమ్‌లో గ్రైండర్‌కు గార్డు లేదని గుర్తించి చెప్పడం మీ పని అయితే, దాన్ని బిగించేదాకా ఆ యంత్రాన్ని వాడనివ్వకపోవడం చీఫ్ ఇంజినీర్ పని. గ్యాలీలో, అంటే వంటగదిలో, నేల మీద నూనె మరకల విషయంలో చీఫ్ కుక్‌కూ అంతే.

మీ పరిస్థితిలో నిజమైన చిక్కు మరొకటి ఉంది. సరుకు నింపే హోల్డులు ఎప్పటికల్లా కడిగి ముగించాలో గడువు పెట్టేది మీరే, ఆ పని సురక్షితంగా సాగుతోందో లేదో తేల్చేదీ మీరే. గడువు ముంచుకొస్తున్నప్పుడు మనిషి కన్ను తనకు తెలియకుండానే మెతకబడుతుంది. నేను చీఫ్ ఆఫీసర్‌గా ఉన్న రోజుల్లో ఎత్తు మీద చేసే పనులకు, ఎన్‌క్లోజ్డ్ స్పేస్ (ట్యాంకుల వంటి మూసి ఉన్న చోటు) పనులకు నేను రాసిన పర్మిట్‌ను, అంటే పని అనుమతి పత్రాన్ని, సెకండ్ ఇంజినీర్ ఒకసారి పనిచోటుకు వచ్చి చూసి వెళ్లేలా ఏర్పాటు చేసుకున్నాను. ఆయన అడిగే ప్రశ్నలు నాకు తట్టనివిగా ఉండేవి.

ఈ వారంలోనే కెప్టెన్ గారితో కూర్చోండి. అపాయకరమైన పనిని మీరు ఆపించినప్పుడు ఆలస్యానికి మిమ్మల్ని తప్పుపట్టబోమన్న మాటను ఆయన స్టాండింగ్ ఆర్డర్లలో (ఎప్పుడూ అమల్లో ఉండే రాత ఆదేశాల్లో) రాయించమని అడగండి. సేఫ్టీ పనికి వారానికి ఎన్ని గంటలు కేటాయించాలో, ఆ గంటల్లో మీ కార్గో పనిని ఎవరు చూస్తారో తేల్చమనండి. మీరు నిద్రపోతున్న వేళ ఎవరి మాట చెల్లుతుందో కూడా అడగండి.

ప్రశ్న: నేను ఏబీని, అంటే అనుభవమున్న డెక్ నావికుణ్ని. తోటివారు నన్ను సేఫ్టీ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. నెలనెలా కమిటీ సమావేశం జరుగుతుంది. కిందటి నెల మినిట్స్‌లో తేదీ మార్చి మా చేత సంతకాలు పెట్టిస్తారు. అక్కడ నేను ఏం చేయగలను?
(ఒక కంటెయినర్ ఓడ నావికుడు)

జవాబు: 2006లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించి, 2013 ఆగస్టు 20 నుంచి అమల్లోకి వచ్చిన సముద్ర కార్మిక ఒప్పందం, అంటే ఎంఎల్‌సీ, అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది నావికులున్న ఓడలో సేఫ్టీ కమిటీ ఉండాలని, అందులో నావికులు ఎన్నుకున్న లేదా నియమించిన ప్రతినిధి పాల్గొనాలని చెబుతుంది. మీరు ఆ కుర్చీలో ఎవరి దయ వల్లా కూర్చోలేదు. సేఫ్టీ ఆఫీసర్‌కు విధులు ఉన్నట్టు ప్రతినిధికి పెద్ద జాబితా ఉండదు, మీ తోటివారు నేరుగా చెప్పలేని మాటను వారి తరఫున చెప్పడమే మీ పని.

సమావేశానికి రెండు రోజుల ముందు మెస్ రూమ్‌లో కూర్చుని ఒక్కొక్కరిని ఒకే ప్రశ్న అడగండి: ఈ నెలలో ఏ పని చేసేటప్పుడు భయం వేసింది? భయం అన్న మాట వాడడానికి కొందరు సిగ్గుపడతారు, అప్పుడు "ఏ పని చిరాకుగా ఉంది" అని అడగండి. వచ్చిన జవాబుల్లో రెండింటిని ఎంచుకుని కెప్టెన్ గారికి ముందుగానే రాతలో ఇవ్వండి. మినిట్స్‌లో ప్రతి అంశం పక్కనా దాన్ని పూర్తి చేసే మనిషి హోదా, గడువు తేదీ రాయమని కోరండి. "సిబ్బంది జాగ్రత్తగా ఉండాలని సూచించడమైనది" అన్న వాక్యం ఎక్కడ కనిపించినా, ఆ పని ఎవరికీ అప్పగించలేదని అర్థం చేసుకోవచ్చు. గడువు దాటిన అంశం తదుపరి సమావేశంలో మొదట రావాలి.

నియర్ మిస్ (తృటిలో తప్పిన ప్రమాదం) నివేదికల సంగతి కూడా మీ చేతిలోనే ఉంది. నెలకు ఇన్ని నివేదికలు పంపాలని సంఖ్య పెట్టిన ఒక కంపెనీ ఓడకు నేను కెప్టెన్‌గా ఉన్నాను. తలుపు సరిగా మూయలేదని, హెల్మెట్ పట్టీ వదులుగా ఉందని, ఇలాంటివి కావలసినన్ని వచ్చేవి. ఒక మధ్యాహ్నం మాస్టు మీద నుంచి షాకిల్ అనే ఇనుప బిగింపు కడియం జారి ఒక ఓఎస్‌కు (కింది స్థాయి డెక్ నావికుడికి) అడుగు దూరంలో పడింది. ఆ సంగతి మాత్రం నివేదికల్లో రాలేదు. పైన పనిచేస్తున్నవాడికి మాట పడుతుందని అందరూ ఊరుకున్నారు. నాకు తెలిసింది పది రోజుల తరువాత, అదీ కుక్ మాటల సందర్భంలో చెబితే. తప్పు వారిది కాదు. అంతకు ముందు నెలలో ఒక నివేదిక రాసిన కుర్రవాణ్ని అందరి ముందూ నేను మందలించాను, దాన్ని వారు గుర్తుపెట్టుకున్నారు. ఆ తరువాత నివేదిక రాసినవారికి నేను మొదట చెప్పే మాట కృతజ్ఞతే అయింది, కానీ నమ్మకం తిరిగి రావడానికి ఆ ప్రయాణమంతా పట్టింది.

ప్రశ్న: నేను శిక్షణలో ఉన్న డెక్ కేడెట్‌ను. ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే బల్లాస్ట్ ట్యాంకులో బురద ఎంత ఉందో చూసి రమ్మని అడిగారు. లోపలికి దిగే మ్యాన్‌హోల్ దగ్గర మీటర్ పెట్టి, ఆక్సిజన్ 20.9 శాతం వచ్చింది కనుక దిగవచ్చన్నారు. నేను తటపటాయిస్తే, ఐదు నిమిషాల పనికి ఇంత భయమా అన్నారు. ఆ రోజు పని ఆగిపోయింది గానీ, నేను చేసింది సరైనదేనా?
(ఒక కేడెట్)

జవాబు: సరైనదే చేశారు. మీ ఉత్తరం చదివి నాకు కలిగిన ఊరటను ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఉక్కు తుప్పు పట్టడమంటే గాలిలోని ఆక్సిజన్‌ను ఉక్కు తినడమే. నెలల తరబడి మూసి ఉన్న బల్లాస్ట్ ట్యాంకులో, లంగరు గొలుసు ఉండే చెయిన్ లాకర్‌లో, ఎవరూ ఏ విషవాయువునూ నింపకపోయినా, గోడలే ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. దుంగలు, కలప గుళికలు, బొగ్గు, ఇనుప తుక్కు వంటి సరుకులు కూడా ఇదే పని చేస్తాయి, ఆ హోల్డులోకి దిగే మెట్ల దారిలోనూ, పక్కనున్న గదుల్లోనూ గాలి పాడవుతుంది. ఆక్సిజన్ తగ్గిన గాలికి రంగు లేదు, వాసన లేదు, ఉక్కిరిబిక్కిరి కూడా అనిపించదు. ఊపిరి ఆడడం లేదన్న బాధను మనకు కలిగించేది ప్రధానంగా ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ కొరత కాదు. అందుకే మరీ తక్కువ ఆక్సిజన్ ఉన్నచోట అడుగుపెట్టిన మనిషి, ఏదో తేడాగా ఉందని గ్రహించే లోపే క్షణాల్లో స్పృహ తప్పుతాడు.

మ్యాన్‌హోల్ దగ్గర తీసిన రీడింగ్ మ్యాన్‌హోల్ దగ్గరి గాలి గురించే చెబుతుంది, అక్కడికి బయటి గాలి వస్తూనే ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువైనది కనుక అడుగున చేరుతుంది, మీథేన్ తేలికైనది కనుక పైకప్పు కింద నిలుస్తుంది. కాబట్టి పొడవైన ట్యూబు దింపి పైన, మధ్యలో, అడుగున వేర్వేరుగా చదవాలి. ట్యాంకులో అడ్డగోడలు, పక్క గదులు ఉంటే ఒక చోటి రీడింగ్ ఇంకో చోటికి పనికిరాదు. ఆక్సిజన్ 21 శాతం దగ్గర నిలకడగా ఉండాలని, మండే వాయువు దాని కనిష్ఠ దహన పరిమితిలో (గాలిలో అంటుకోగల అతి తక్కువ మోతాదులో) 1 శాతానికి మించకూడదని ఐఎంఓ 2011 నాటి సిఫారసులు చెప్పాయి. గాలిని ముందుగా బాగా ఆడించి, రీడింగ్ తీసేటప్పుడు ఫ్యాను కొంతసేపు ఆపి చూడాలి, లోపల మనుషులు ఉన్నంతసేపూ మళ్లీ నడుపుతూ ఉండాలి. బురద తొక్కితే అందులో చిక్కుకున్న వాయువు పైకి లేస్తుంది, అందుకని లోపలివారి దగ్గర కూడా మీటర్ ఉండాలి. ఆక్సిజన్, మండే వాయువులు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఈ నాలుగింటినీ చూడగల మీటర్ ఓడలో ఉండడం, సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన సోలాస్ ఒప్పందం ప్రకారం 2016 జులై 1 నుంచి తప్పనిసరి.

పర్మిట్ మీద కెప్టెన్ గానీ, ఆయన నియమించిన బాధ్యత గల అధికారి గానీ సంతకం చేయాలి. ఆ సంతకం ఆఫీసులో కూర్చుని పెట్టేది కాకూడదు. ద్వారం దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడాలి. బ్రిడ్జికీ, లోపలివారికీ అతనితో మాట కలుస్తూ ఉండాలి. శ్వాస పరికరాలు, లైఫ్ లైన్, హార్నెస్ ముందే ద్వారం పక్కన ఉండాలి.

అన్నిటికన్నా కఠినమైన సంగతి ఇంకా చెప్పలేదు. ఇలాంటి ప్రమాదాల్లో చనిపోయేవారిలో ఎందరో రక్షించబోయి దిగినవారే. కింద స్నేహితుడు పడి ఉన్నాడు, పిలిస్తే పలకడం లేదు. ఆ క్షణంలో మనిషి లెక్క వేసుకోడు, దూకేస్తాడు. మొదటివాణ్ని పడగొట్టిన గాలే రెండోవాణ్నీ పడగొడుతుంది. ద్వారం దగ్గర నిలబడేవారి మొదటి విధి అలారం మోగించడం, రెండోది లోపలికి వెళ్లకపోవడం. శిక్షణ పొందిన బృందం శ్వాస పరికరం తగిలించుకుని వచ్చేదాకా ఆగడం ఎంత కష్టమో తెలుసు కనుకనే, 2015 జనవరి 1 నుంచి ఈ ప్రవేశం, రక్షణ అభ్యాసాన్ని రెండు నెలలకొకసారి చేయాలని నియమం పెట్టారు. ఫిల్టర్ మాస్కు ఆక్సిజన్ ఇవ్వదని, ఈఈబీడీ అనే చిన్న పరికరం బయటికి పారిపోవడానికే తప్ప లోపలికి వెళ్లడానికి కాదని ప్రతి అభ్యాసంలోనూ మళ్లీ చెప్పాలి.

ఇకముందు ఎవరైనా ఇలాగే అడిగితే "భయం" అన్న చర్చలోకి వెళ్లకండి. "రీడింగ్ ఏ లోతులో తీశారు సార్? పర్మిట్ చూపిస్తారా? పైన ఎవరు నిలబడుతున్నారు?" అని మర్యాదగా అడగండి. ఈ మూడింటికీ జవాబు లేకపోతే దిగబోనని చెప్పండి, ఆ మాట చెప్పడానికి హోదా అక్కరలేదు. మీకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే, మీ ఆరోగ్యానికీ భద్రతకూ ముప్పు తెచ్చే పనులు మీ చేత చేయించడాన్ని ఎంఎల్‌సీ నిషేధించింది.

ప్రశ్న: మా ఓడలో ఇద్దరం వాచ్ అధికారులం, ఆరు గంటలు డ్యూటీ, ఆరు గంటలు విరామం. విశ్రాంతి రికార్డులో ఎరుపు గీత వస్తే కంపెనీ వివరణ అడుగుతుందని, గంటలు సర్ది రాయమంటున్నారు. అందరూ ఇలాగే చేస్తారా?
(ఒక సెకండ్ ఆఫీసర్)

జవాబు: చాలామంది చేస్తారు, అందుకే దీని గురించి గట్టిగా చెప్పవలసి వస్తోంది. నియమం ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా 77 గంటలు విశ్రాంతి ఉండాలి. రోజు విశ్రాంతిని రెండు ముక్కలకు మించి విడగొట్టకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలది కావాలి. రెండు విశ్రాంతుల మధ్య 14 గంటలకు మించి గడవకూడదు.

మీ పద్ధతిలో లెక్క వేసి చూడండి. రోజుకు 12 గంటల చొప్పున వారానికి 84 గంటల విశ్రాంతి. 77 తీసేస్తే మిగిలేది 7 గంటలు. అగ్నిమాపక అభ్యాసం, లైఫ్‌బోటు అభ్యాసం, రేవులో తాళ్లు కట్టడం, విప్పడం, చార్టుల సవరణ, తనిఖీకి వచ్చినవారి వెంట తిరగడం, ఇవన్నీ వారానికి ఆ 7 గంటల్లోనే ఇమడాలి. ఆ వేళల్లో ఒక్క పిలుపు వచ్చినా 6 గంటల అఖండ విశ్రాంతి తెగుతుంది. అందులోనే భోజనం, స్నానం, ఇంటికి ఫోను కూడా. ఈ ఏర్పాటు రేవులు దగ్గరదగ్గరగా ఉన్న మార్గంలో నిలబడదని రికార్డు నిజాయితీగా రాస్తే ఒక్క నెలలో తేలిపోతుంది. సర్ది రాస్తే ఎన్నటికీ తేలదు. మూడో అధికారిని పంపమని కెప్టెన్ అడగడానికి ఉన్న ఏకైక ఆధారాన్ని మీ పెన్నుతోనే చెరిపేసినట్టవుతుంది.

ఓడకు, మనుషులకు, సరుకుకు తక్షణ ముప్పు వచ్చినప్పుడు విశ్రాంతి పట్టికను పక్కన పెట్టి ఎవరినైనా పనికి పిలిచే అధికారం కెప్టెన్‌కు ఉంది. ఆ తరువాత వీలైనంత త్వరగా సరిపడా విశ్రాంతి ఇవ్వాలి. మీ విశ్రాంతి రికార్డు ప్రతి మీకు అందాలి, దాని మీద మీ సంతకమూ కెప్టెన్ లేదా ఆయన నియమించిన వ్యక్తి సంతకమూ ఉండాలి. జరగనిదాన్ని జరిగినట్టు రాసి ఉంటే సంతకం పెట్టకండి. వాచ్‌లో నిద్ర తూగి ఓడ మెట్ట పట్టిన రోజున, మీరు బాగా విశ్రాంతి తీసుకున్నారని ఆ రికార్డే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది.

ప్రశ్న: మా వారు ఆయిలర్. ఇంజిన్ రూమ్‌లో ఆవిరి పైపు వల్ల చెయ్యి కాలింది. ఓడలో డాక్టరే లేరట! ఇలా పంపవచ్చా? ఖర్చులు, జీతం సంగతి ఏమిటి?
(ఒక నావికుని భార్య)

జవాబు: అమ్మా, మీ ఆందోళన అర్థమైంది. వంద మంది, అంతకన్నా ఎక్కువ మంది ఉండి, మూడు రోజులకు మించిన అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడలోనే డాక్టరు ఉండాలన్నది నియమం. సరుకు ఓడల్లో సాధారణంగా ఇరవై, ఇరవై అయిదు మందే ఉంటారు కనుక, వైద్య శిక్షణ పొందిన అధికారి ఒకరు మందుల పెట్టె సాయంతో చికిత్స చేస్తారు. తీరంలోని వైద్యులు రేడియో లేదా ఉపగ్రహం ద్వారా రాత్రింబవళ్లు ఉచితంగా సలహా ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. ఆ సలహా అడిగారో లేదో కనుక్కోండి. కాలిన గాయం చిన్నదిగా కనిపించినా ఫోటో తీసి పంపి అడగడం మంచిది. వచ్చే రేవులో డాక్టరుకు చూపించమని కోరే హక్కు మీ వారికి ఉంది.

పనిలో తగిలిన గాయానికి చికిత్స, మందులు, తీరంలో ఉండవలసి వస్తే వసతి ఖర్చు ఓడ యజమానిదే. పని చేయలేని స్థితి ఏర్పడితే, ఓడ మీద ఉన్నంతకాలం పూర్తి జీతం అందాలి. ఇంటికి వచ్చిన తరువాత జీతం చెల్లించవలసిన కాలాన్ని దేశాల చట్టాలు పరిమితం చేయవచ్చు గానీ, ఆ పరిమితి గాయమైన రోజు నుంచి 16 వారాలకు తగ్గకూడదు. గాయం ఓడ లాగ్ పుస్తకంలోనూ, ప్రమాద నివేదికలోనూ నమోదైందో లేదో ఆయనను ఇప్పుడే అడగమనండి. ఆరు నెలల తరువాత వెతికితే ఆ నమోదు దొరక్కపోవచ్చు.

ప్రశ్న: నేను జూనియర్ ఇంజినీర్‌ను, మహిళను. ఓడలో ఉన్న చేతితొడుగులు, బాయిలర్ సూట్లు అన్నీ నాకు రెండు సైజులు పెద్దవి. అడిగితే సర్దుకోమంటున్నారు.

జవాబు: సర్దుకోకండి. తిరిగే షాఫ్ట్ దగ్గర వదులు చేతులున్న బాయిలర్ సూటే ప్రమాదం. నావికులకు సరిపోయే సైజుల్లో రక్షణ సామగ్రి ఇవ్వాలన్న సవరణ ఎంఎల్‌సీలో 2024 డిసెంబర్ 23 నుంచి అమల్లో ఉంది. కొలతలు రాసి చీఫ్ ఇంజినీర్ గారికి ఇచ్చి, అవి వచ్చేదాకా తిరిగే యంత్రాల దగ్గరి పని వేరొకరికి ఇమ్మని కోరండి.

ప్రశ్న: మా ఫ్రీ ఫాల్ లైఫ్‌బోటు (ఓడ మీద నుంచి నేరుగా నీటిలోకి జారే ప్రాణరక్షణ పడవ) హుక్ సరిగా పడడం లేదని కెప్టెన్ గారికి చెప్పాం. తీరంలోని డీపీఏకు కూడా మెయిల్ పంపాను. మూడు వారాలైనా జవాబు లేదు. ఆపైన ఎవరున్నారు?
(పేరు వద్దన్న బోసన్)

జవాబు: డీపీఏ అంటే కంపెనీ అత్యున్నత యాజమాన్యాన్ని నేరుగా కలవగల అధికారం ఉన్న తీరంలోని వ్యక్తి. ఓడకూ కంపెనీ పైవారికీ మధ్య వారధిగా ఉండాలనే ఐఎస్ఎం కోడ్ ఆ పదవిని సృష్టించింది. ఆయన మౌనంగా ఉండడం చిన్న విషయం కాదు. అయినా ముందు కెప్టెన్ గారి దగ్గరికి మళ్లీ వెళ్లండి. తేదీ, లోపం, మొదట చెప్పిన రోజు రాసిన కాగితం ఇచ్చి, ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోండి. కెప్టెన్లలో చాలామంది ఈ కాగితం కోసమే ఎదురుచూస్తుంటారు, కార్యాలయాన్ని ఒత్తిడి చేయడానికి అది వారికి పనికొస్తుంది.

ఓడలోనే ఫిర్యాదు చేసే పద్ధతి ఏమిటో తెలిపే పత్రం ప్రతి నావికునికీ ఉద్యోగ ఒప్పందంతో పాటు ఇవ్వాలి. అందులో మీ ఓడ జెండా ఏ దేశానిదో ఆ దేశ అధికారుల వివరాలు ఉంటాయి, వారికి నేరుగా రాయవచ్చు. మీకు రహస్యంగా, నిష్పక్షపాతంగా సలహా ఇవ్వగలవారి పేర్లు కూడా అందులో ఉండాలి. రేవులో ఉన్నప్పుడు, అక్కడికి వచ్చిన విదేశీ ఓడలను తనిఖీ చేసే పోర్ట్ స్టేట్ కంట్రోల్ అధికారికి చెప్పవచ్చు. ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టకుండా చూడడం వారి విధి. ఫిర్యాదు చేసినందుకు మిమ్మల్ని వేధించడం ఎంఎల్‌సీ ప్రకారం నిషిద్ధం.

ఓడను ఖాళీ చేయవలసి వస్తే అందరూ ఎక్కవలసినది ఆ పడవే కనుక, లోపం సరిచేసేదాకా సముద్రంలోకి వెళ్లకుండా ఓడను ఆపే అధికారం పోర్ట్ స్టేట్ అధికారులకు ఉంది. ఈలోగా అభ్యాసం పేరుతో కూడా ఎవరినీ ఆ పడవలో కూర్చోబెట్టి హుక్‌ను పరీక్షించనివ్వకండి. ఆ పరికరాన్ని విప్పి సరిచేయడానికి ధ్రువీకరణ పొందిన సాంకేతిక నిపుణుడే రావాలి. తదుపరి రేవుకు ఆయనను పిలిపించమని మీ కాగితంలోనే ఒక వాక్యం చేర్చండి.